లైటు కొట్టిన నేరం

పోలీసులు నన్ను రోడ్డు మీద ఆపింది జీవితంలో ఒక్కసారే. వేగంగా పోయినందుకు కాదు, సీటు బెల్టు పెట్టుకోనందుకు కాదు. ఎదురుగా వస్తున్న కార్లకు లైటు కొట్టినందుకు.

నేను ఆళ్లగడ్డకు కొంచెం ఇవతల, హైవే పక్కనున్న ఒక ఊరి హైస్కూల్లో సోషల్ టీచరుని. ఉండేది నంద్యాలలో. పదకొండేళ్లుగా అదే రోడ్డు మీద పోయి వస్తున్నాను. మొదట బస్సులో, తర్వాత నా చిన్న కారులో. పెద్ద వయసులో డ్రైవింగు నేర్చుకున్నదాన్ని కాబట్టి వేగం అరవై దాటితే నాకు చేతులకు చెమటలు పడతాయి. పక్క సీట్లో మా లెక్కల సారు కూర్చుంటారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. నా డ్రైవింగు మీద ఆయనకు ఒకటే ఫిర్యాదు. "మేడమ్, వెనకాల ట్రాక్టరోడు ఏడుస్తాండాడు, దారియ్యండి" అంటారు.

ఆ ఏడాది మా రోడ్డుకు స్పీడు కెమెరా జీపు వచ్చింది. మంచిదే కదా అనుకున్నాను. మా స్కూలు రోడ్డుకు ఒక పక్క, ఊరు ఇంకో పక్క. నాలుగు వందల మంది పిల్లలు పొద్దునా సాయంత్రం ఆ నాలుగు వరుసల రోడ్డు దాటాలి. డివైడరులో ఒక సందు తప్ప వాళ్లకు వేరే దారి లేదు. ఆ సందు దగ్గర కార్లు పోయే వేగం చూస్తే టీచర్లమే కళ్లు మూసుకుంటాం. కాబట్టి జీపు అక్కడికే వస్తుందనుకున్నాను. నా అమాయకత్వం.

జీపును వాళ్లు పెట్టింది స్కూలుకు నంద్యాల వైపు ఏడెనిమిది కిలోమీటర్ల అవతల. అటు శనగ చేలు, ఇటు పత్తి చేలు. మనిషి దాటడు, బర్రె దాటదు. రోడ్డు గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. ఎవరికైనా కాలు కిందికి నొక్కాలనిపించే చోటు అది. అక్కడ ఒక పెద్ద తుమ్మచెట్టుంది. దాని వెనక, రోడ్డు దిగి, మట్టిలో జీపు నిలబెట్టి, అద్దం సందులోంచి కెమెరా మూతి మాత్రం బయటికి పెట్టేవాళ్లు. కొంగజపం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే అక్కడికి తీసుకుపోతే చాలు.

రోడ్డు మీద ఒక మర్యాద ఉంది. ముందు బర్రెల మంద ఉంటే, లారీ బోల్తా పడుంటే, ఎదురొచ్చేవాళ్లు లైటు కొట్టి చెప్తారు. బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పోయిన ఏళ్లలో ఈ భాష నాకు అర్థమైంది. జీపు వచ్చాక ఆ మర్యాదలో జీపు కూడా చేరింది. సాయంత్రం నేను నంద్యాల వైపు వస్తుంటే, జీపు అవతలి దారిలో, ఆళ్లగడ్డ వైపు పోయే బండ్ల కోసం కాచుకుని ఉండేది. దాన్ని దాటగానే ఎదురొచ్చేవాళ్లకు నేనూ రెండుసార్లు లైటు కొట్టేదాన్ని.

ఒకరోజు అట్లా కొట్టిన రెండు నిమిషాలకు వెనకనుంచి ఒక కానిస్టేబులు మోటారు సైకిలు మీద వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడమ్, బండి తిప్పుకోని రాండి. సారు రమ్మంటాండాడు."

తుమ్మచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎస్సై కూర్చున్నాడు. నా దగ్గర చదివిన పిల్లల వయసే ఉంటుంది.

"ఏం చేస్తాంటారు మేడమ్ మీరు?"

"టీచరుని."

"టీచరయ్యుండి ఇట్లాంటి పనులు చేస్తారా? మా కెమెరా ఉందని ఎదురొచ్చేవోళ్లకు లైటు కొడతాండారు. మీరు కొట్టినాక నాలుగు బండ్లు మెల్లగైపోయినాయి. మా డ్యూటీకి అడ్డం పడినట్లు గదా?"

"బండ్లు మెల్లగా పోవాలనే గదా సార్ మీరు ఈడ కూర్చున్నేది?" అన్నాను.

కానిస్టేబులు శనగ చేను వైపు తిరిగాడు.

"అది మేము చూసుకుంటాం. మీరు చేసింది నేరం" అన్నాడు ఎస్సై.

"ఏ సెక్షన్ సార్?"

నేను పొగరుతో అడగలేదు. పౌరశాస్త్రం చెప్పేదాన్ని, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఎస్సై కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు చలానా మిషను తీసి వేలితో పైకీ కిందికీ జరిపాడు. పాపం, చాలాసేపే వెతికాడు.

"లైటుది లేదు సార్. హెల్మెట్టుంది, సీటు బెల్టుంది, హారనుంది."

"హారను కొట్టు."

"నేను హారను కొట్టలేదు సార్" అన్నాను.

అంతవరకు కారులోనే కూర్చున్న లెక్కల సారు దిగి వచ్చారు. "మా మేడమ్ హారను కొట్టగా నేను ఇంతవరకు వినలేదప్పా. నేనే కొట్టమంటాంటా, ఆమె కొట్టదు" అన్నారు సాక్ష్యం చెప్తున్నట్టు.

అనవసరంగా హారను మోగించినందుకు నాకు చలానా వచ్చింది. కారు వెనక భాగానికి ఫోటో తీశారు. హారను ముందుంటుంది కదా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

పోయే ముందు మాత్రం ఒకటి అడిగాను. "సార్, ఈ జీపు మా స్కూలు కాడ పెట్టొచ్చు గదా? పిల్లోళ్లు దాటే చోటు."

ఎస్సై నన్ను జాలిగా చూశాడు. ఏమీ తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆడ చెట్టు ల్యా, చాటు ల్యా. జీపు అందరికీ కనపడ్తాది మేడమ్. కనపడ్తే అందరూ మెల్లగా పోతారు. అందరూ మెల్లగా పోతే మాకు కేసులు యాడివి?"

ఇంత నిజాయితీగా మాట్లాడిన అధికారిని నేను మళ్లీ చూడలేదు.

నంద్యాలలో మా తమ్ముడు వకీలు. ఇంటికి పోయి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత పుస్తకాలు తిరగేశాడు. లైటు కొట్టి కెమెరా ఉందని చెప్పకూడదని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా రాసిలేదట. మహా అయితే ప్రభుత్వ ఉద్యోగి విధికి ఆటంకం కలిగించారని కేసు పెట్టవచ్చట, కానీ బండ్లను నిదానంగా పొమ్మనడం ఏ విధికి ఆటంకమో కోర్టులో చెప్పడం వాళ్లకే కష్టమట.

"ఇంకొకటి విను అక్కా" అన్నాడు. "కెమెరాలతో చలానాలు వేసే చోట, ముందుగానే అందరికీ కనపడేటట్లు హెచ్చరిక బోర్డు పెట్టాలని కేంద్రం రూల్సులోనే ఉంది. పెట్టించాల్సింది ప్రభుత్వమే. అంటే ఏందీ? వాళ్లు చేయాల్సిన పని నువ్వు చేసినావు. దానికి నీకు హారను చలానా."

నాకు ఒళ్లు మండింది. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి పోయి, క్యూలో నిలబడి, రెండు పేజీల అర్జీ ఇచ్చాను. కెమెరా ముందు బోర్డు పెట్టాలని, జీపును స్కూలు దగ్గరికి మార్చాలని. రసీదు ఇచ్చారు. మూడు వారాలకు ఫోనుకు మెసేజి వచ్చింది. మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది అని. ఎవరికి సంతృప్తి కలిగిందో రాయలేదు. ఆ సాయంత్రం కూడా జీపు తుమ్మచెట్టు వెనకే ఉంది. బోర్డు లేదు.

ఇక నాకు పంతం పట్టింది. అంతకుముందు రెండుసార్లు కొట్టే లైటు ఐదుసార్లు కొట్టడం మొదలుపెట్టాను. కార్లవాళ్లు చెయ్యెత్తి దండం పెట్టేవాళ్లు. రోడ్డు మీద ఏదో న్యాయపోరాటం చేస్తున్నట్టు నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం మీద నీళ్లు చల్లింది లెక్కల సారే.

"మేడమ్, తప్పుగా అనుకోవాకండి. మీరు లైటు కొడితే ఆ కారు ఎంతదూరం మెల్లగా పోతాంది?"

"జీపు దాటేవరకు."

"మల్ల మన స్కూలు కాడికొచ్చేటప్పటికి?"

నేను గేరు మార్చాను.

"అద్దంలో చూడండి ఒకసారి" అన్నారు.

చూశాను. నేను లైటు కొట్టిన కారు తుమ్మచెట్టు దగ్గర పెళ్లికూతురిలా నడిచింది. జీపు దాటగానే బాణంలా పోయింది. మా స్కూలు వైపే.

"మీరు కాపాడేది మనుషుల్ని కాదు మేడమ్. వాళ్ల జేబులోని దుడ్లను" అన్నారు సారు.

ఆ మాట నాకు నచ్చలేదు. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. లైటు కొట్టడం మాత్రం మానలేదు.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఉంది. నాకన్నా పదేళ్లు చిన్నది. ఆదివారం ఆ ఊరి చర్చిలో కీర్తనలు అందుకునేది ఆమే. గొంతు రోడ్డు అవతలికి వినపడుతుంది. ఒకరోజు సాయంత్రం గిన్నెలు కడిగి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఊర్లోకి పోవడానికి రోడ్డు దాటుతుంటే నంద్యాల వైపునుంచి వచ్చిన కారు గుద్దేసింది. ఆగలేదు. నేనప్పటికి నంద్యాల దారిలో ఉన్నాను. ఇల్లు చేరాక ఫోను వచ్చింది, నంద్యాల ఆసుపత్రికి పరుగెత్తాను.

కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మంచం మీద పడుకుని కూడా నాకు కుర్చీ చూపించింది.

"ఏ కారో చూసినావా?" అని అడిగాను.

"తెల్లదమ్మా టీచరమ్మా. అంతే తెలుసు. లేసి చూసేటప్పటికి ల్యా."

ఆ సాయంత్రం నేను లైటు కొట్టిన వాటిలో రెండు తెల్ల కార్లున్నాయి. ఒక కారులోని ఆయన నవ్వుతూ నాకు సలాము కూడా పెట్టాడు. అతనేనా? తెలియదు. ఆ రోడ్డు మీద రోజూ తెల్ల కార్లు వందలు పోతాయి. అహోబిలం పోయేవి, కడప పోయేవి. కానీ నేను ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడే మాట్లాడి వచ్చేశాను. అంతవరకు పోలీసులను తిట్టిన తిట్లన్నీ నాకూ సరిపోతాయనిపించింది. వాళ్లు ఎక్కడ కూర్చుంటే లెక్క తేలుతుందో చూసుకున్నారు. నేను ఎవరు దండం పెడతారో చూసుకున్నాను. పిల్లలు దాటే సందు దగ్గర వాళ్లూ లేరు, నేనూ లేను.

మర్నాటి నుంచి లైటు కొట్టలేదు. రెండు రోజులు ఆలోచించి, గోడల మీద బైబిలు వాక్యాలు, ఎరువుల ప్రకటనలు రాసే పెయింటరును పిలిపించాను. సందుకు అటూ ఇటూ పెట్టడానికి రెండు రేకు బోర్డులు రాయమన్నాను. పసుపు మీద నల్ల అక్షరాలు. "ముందు స్పీడు కెమెరా కలదు. నిదానముగా పొండు."

"కెమెరా యాడుంది మేడమ్?" అన్నాడు పెయింటరు.

"నువ్వు రాయప్పా."

మా చర్చి సండే స్కూల్లో పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పేది నేనే. ఆ వారం ఆ పాఠం చెప్పకుండా దాటవేశాను.

లెక్కల సారు ఉత్సాహం ఆపతరం కాలేదు. పాత స్విచ్చుల డబ్బా ఒకటి తెచ్చి, తెల్లరంగు వేసి, ముందు పగిలిన టార్చిలైటు అద్దం బిగించి, వెనక వైరు ముక్క వేలాడదీశారు. దాన్ని ఇనుప పైపుకు కట్టి స్కూలు గేటు పక్కన నాటారు. దూరంనుంచి చూస్తే నాకే భయం వేసింది.

ఇక చూడాలి. వంద మీద వచ్చే కారు బోర్డు చూసి బ్రేకు వేసేది. డబ్బా చూసి ఇంకా మెల్లగయ్యేది. లోపలివాళ్లు సీటు బెల్టులు లాక్కునేవాళ్లు. పిల్లలు నడిచి రోడ్డు దాటారు. పదకొండేళ్లలో మొదటిసారి, పరుగెత్తకుండా నడిచి. ఊరి పెద్దలు వచ్చి, ప్రభుత్వం ఇన్నాళ్లకు కళ్లు తెరిచిందని హెడ్మాస్టరును మెచ్చుకున్నారు. ఆయన వినయంగా తలవంచి ఆ మెప్పు తీసుకున్నారు.

రెండు నెలలు బాగానే గడిచాయి. మా గుట్టు బయటపడింది ఎట్లాగంటే, ఒకరోజు ఆ ఎస్సై జీపే మా బోర్డు చూసి బ్రేకు వేసింది. వెనకొచ్చే ఆటో దాన్ని తగలబోయి తప్పింది. ఎస్సై దిగి డబ్బా చూసి, తన పైవాళ్లకు ఫోను చేసి, ఇది ఎవరి కెమెరా అని కనుక్కున్నాడు. ఎవరిదీ కాదని తేలింది.

స్కూల్లోకి వచ్చి అడిగితే హెడ్మాస్టరు ఊపిరి కూడా పీల్చకుండా నా వైపు వేలు చూపించారు.

"మీరేనా మేడమ్ మల్ల?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్."

"లేని కెమెరాను ఉండాదని రాస్తారా? జనాన్ని మోసం చేసినట్లు గదా?"

"ఉన్న కెమెరాను ఉందని చెప్తే నేరమన్నారు. లేనిదాన్ని ఉందన్నా నేరమంటాండారు. మరి ఏం చెప్పమంటారు సార్?"

"ఏమీ చెప్పొద్దు మేడమ్. రోడ్డు సంగతి మీకెందుకు? మీరు పాఠాలు చెప్పుకోండి."

"ఒక ఆడమనిషి కాలు విరిగింది సార్ ఈడ. గుద్దినోడు దొరికినాడా?"

"ఎంక్వైరీ చేస్తాండాం."

"రెండు నెల్లుగా ఈడ ఎవురికీ దెబ్బ తగల్లేదు" అన్నారు లెక్కల సారు.

"అది వేరే విషయం" అన్నాడు ఎస్సై.

అది వేరే విషయమట. ఈ మాట నేను అప్పుడప్పుడూ తలుచుకుంటాను. కానిస్టేబులు ఈసారి మిషను తీయలేదు, ఒక కాగితం తీశాడు. ఈసారి సెక్షను దొరికింది. వెతుక్కుని, సిద్ధంగా వచ్చారు. రోడ్డు పక్కన అధికారులు తప్ప ఇతరులు ఎవరూ ట్రాఫిక్ బోర్డులు పెట్టకూడదు. రాత్రి తమ్ముడికి ఫోను చేస్తే, "ఇది మాత్రం నిజమే అక్కా. ఈసారి వాళ్ల దిక్కే చట్టముంది" అన్నాడు. వేగంగా పోవాలన్నవాడికి నేను సాయం చేసినప్పుడు చట్టంలో ఒక్క మాట లేదు. పిల్లల్ని దాటించినప్పుడు చక్కగా నంబరు వేసి ఉంది.

బోర్డులు పీకి జీపులో వేసుకున్నారు. డబ్బాను కూడా సాక్ష్యం కింద తీసుకుపోయారు. కేసు పెట్టలేదు, మా విద్యాశాఖ ఆఫీసుకు రాసి పంపారు. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. విద్యార్థులకు ఆదర్శంగా ఉండవలసిన ఉపాధ్యాయురాలు ప్రజలను తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ ఇవ్వమని. నాలుగు వాక్యాలు రాశాను. కెమెరా లేదని, ఉందని రాశానని, బండ్లు మెల్లగా పోయాయని, ఇప్పుడు మెల్లగా పోవడం లేదని. ఇకపై ఇట్లాంటివి చేయకూడదని హెచ్చరించి ఫైలు మూసేశారు. బోర్డులు లేవు, కార్లు మళ్లీ వంద మీద పోయాయి, పిల్లలు మళ్లీ పరుగెత్తారు. ప్రభుత్వం తరఫున బోర్డు పెట్టించమని ఇంకో అర్జీ ఇచ్చాను. అది కూడా సంతృప్తికరంగా పరిష్కారమైంది.

వంటామె ఐదో నెలలో చేతికర్రతో తిరిగి పనిలోకి వచ్చింది. జరిగిందంతా చెప్పాను, ఆ రోజు నేను లైటు కొట్టిన సంగతితో సహా. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"నువ్వు లైటు కొట్టకపోయినా వాడు అట్లనే వచ్చుంటాడు టీచరమ్మా" అంది. ఇంకో రాయి ఏరి పడేసి, "అయినా నువ్వు కొట్టకుండాల్సింది" అని కూడా అంది.

రెండూ నిజమే.

ఆ సాయంత్రం స్కూలు వదిలేవేళకు ఆమె కర్ర ఊతంతో గేటు బయటికి పోయి, డివైడరు సందు పక్కన నిలబడింది. రవికలోంచి ఫోను తీసి, రెండు చేతులా మొహం ముందు పట్టుకుని, నంద్యాల వైపునుంచి వచ్చే బండ్లకు గురిపెట్టింది. మొదటి కారు బ్రేకు వేసింది. దాని వెనకది కూడా. ఎవరో వీడియో తీస్తున్నారంటే మనవాళ్లకు ఎంత భయమో. పిల్లలు నడిచి దాటారు. మర్నాడు అవతలి దారి వైపు ఇంకో ఆమె నిలబడింది. వారానికి నలుగురు ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు.

నేను దగ్గరికి పోయి చూశాను. ఆమెది పాత బటన్ల ఫోను. దానికి కెమెరానే లేదు.

"పోలీసోళ్లు వచ్చి అడిగితే ఏం చెప్తావ్?" అన్నాను.

"అడిగినారు నిన్న. ఏం చేస్తాండావమ్మా అన్నారు. మా చెల్లెలి నంబరు కనపడక పైకెత్తి చూసుకుంటాండా నాయనా అన్నా."

"ఏమన్నారు?"

"ఆ చిన్న పోలీసు తలకాయ గోక్కోని, మిషను తీసి అంతా చూసినాడు. ఏమీ దొరకలేదేమో, గమ్మున పోయినారు" అంది, వచ్చే లారీకి ఫోను గురిపెట్టి.